ఎదురుమొండిలో తీరిక

ద్వీపవిహారమనగానే మనవారి మనస్సు మధ్యధరా సముద్రము మీదికి పోవుట కొంతకాలముగా ఆనవాయితీ యైనది. గ్రీసు దేశపు దీవులలోని తెల్లని యిండ్లను, నీలిరంగు గుమ్మటములను చూచి వచ్చిన బంధువులు ఫోనులలో చిత్రములు చూపుచుందురు. చూచి మనమును సంతోషింపవలసినదే. కాని మంగళగిరిలో బయలుదేరి, బెజవాడ వారధి దాటి, కరకట్ట వెంబడి కృష్ణ పోవు దిక్కుననే పోయినచో, ఒక్క పూటలో చేరదగిన దీవులు మనకును గలవనియు, వానిలో మిత్రులతో కొన్ని రాత్రులు నిలిచినవానికి కలుగు లాభము వేఱొకచోట దొరకునది కాదనియు ఈ వారము చెప్పదలచితిని.

ప్రకాశం బరాజునకు ఎగువన, 130 ఎకరములకు పైబడిన భవానీ ద్వీపము మన కందఱకు తెలిసినదే. ఉదయము పడవ యెక్కి సాయంకాలమునకు తిరిగివచ్చు విహారమది, పిల్లలకు చాలును. నడివయస్సు దాటిన స్నేహితులకు మాత్రము చాలదు. మనము ఈ దినములలో పెండ్లిపందిళ్ళలోను, పరామర్శలలోను తప్ప ఒకరినొకరము కలిసికొనుట లేదు. కలిసినను, తిరుగుప్రయాణపు బస్సు వేళను మనస్సులో నుంచుకొనియే మాటలాడుచున్నాము. కుశలప్రశ్న ముగియకముందే లేచిపోవు స్నేహములో చెప్పవలసిన మాట ఎన్నటికిని పెదవి దాటదు.

పులిగడ్డ యొద్ద కృష్ణ రెండు పాయలై, నడుమ దివిసీమను నిలిపి, సముద్రమునకు సాగును. మేము త్రోవలో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువునకు నమస్కరించి, అవనిగడ్డలో కాఫీ త్రాగి, నాగాయలంక మీదుగా ఏటిమొగ రేవునకు చేరునప్పటికి నీరు తీసియుండెను. ఎదురుమొండికి మమ్ము దాటింపవలసిన పంటు ఒడ్డునకు దూరముగా నిలిచియుండెను. తొందరపడిన మా పంతులుగారిని చూచి పడవవాడు, “పోటెక్కే దాకా కదలదు మాస్టారూ, కాసేపు కూకోండి” అనెను. మా తీరిక ఆ మాటతో ప్రారంభమైనదని ఇప్పుడు తోచుచున్నది.

మధ్యధరా సముద్రమున ఆటుపోట్లు మిక్కిలి స్వల్పము; జిబ్రాల్టరు వద్దనున్న యిరుకు ద్వారము మహాసముద్రపు పోటును లోనికి సరిగా రానీయదు. ఇచ్చట నట్లు కాదు. దినమునకు రెండుమార్లు సముద్రము పాయలలోనికి ఎక్కివచ్చును, రెండుమార్లు వెనుదీయును. ఆ వేళయైనను దినదినమును సుమారు 50 నిమిషములు ఆలస్యమగుచు జరిగిపోవుచుండును. కావున వలవేయు వేళ, రేవు దాటు వేళ, కడకు అన్నము వండు వేళ సయితము నీటి ననుసరించియే యుండును. రెండు దినము లచ్చట నున్నవానికి గడియారము చూచు అలవాటు తనంతట తానే సడలిపోవును.

మాలో నొకరు మంగళగిరి నేతగాడు. పసితనమునుండి గుంటమగ్గములో కాళ్ళు దింపుకొని నిజాం అంచు చీరలు నేసినవాడు. నాడె ఆగిన దినము కూలి ఆగును గనుక, ఇల్లు విడిచి రెండు రాత్రులు గడుపుట ఆయన యెఱుగడు. రేవున కూర్చున్నప్పుడును ఆయన పాదములు ఒకదాని తరువాత నొకటి నేలను నొక్కుచునే యుండెను. మఱునాటి సాయంకాలమునకు అవి నిలిచినవి. ఆ రాత్రి, చింతచిగురు రొయ్యల కూరతో భోజనమై అరుగుమీద పండుకొనియుండగా, ఇన్నేండ్ల స్నేహములో ఎన్నడును చెప్పని తన తండ్రి సంగతి ఆయన మాకు చెప్పెను. అది ఇచ్చట వ్రాయదగినది కాదు. కాని ఆ రాత్రి తరువాత మేము వెనుకటివలె లేము.

పగటివేళ మడ అడవి చూచితిమి. బురదలోనుండి పైకి లేచిన శ్వాసవేళ్ళ నడుమ ఒక యువకుడు కొక్కెము వంచిన ఇనుపచువ్వను బొఱియలోనికి మోచేతివరకు దింపి, క్షణకాలము చెవియొగ్గినవానివలె నిలిచి, మండపీతను మెల్లగా వెలికి లాగెను. దాని వీపును మడమతో అదిమిపట్టి, రెండు డెక్కలను త్రాటితో ముడివేయుట కనుఱెప్పపాటులో ముగిసెను. ఆ వేళ్ళే సముద్రపు తాకిడిని కొంత మాన్పునవియును.

ఆ తాకిడి యెట్టిదో ఆ సీమకు తెలిసినట్లు మఱియెవ్వరికిని తెలియదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణములను బలిగొన్నది. మండలి వెంకట కృష్ణారావుగారు ఆ శిథిలములనుండి సీమను తిరిగి నిలబెట్టుటకు పడిన శ్రమ మన తరము మఱువరాదు. మాకు అన్నము పెట్టిన యింటి పెద్దామె తన పెండ్లిని “ఉప్పెనకు రెండేళ్ళ ముందు” అని లెక్క చెప్పును. సంవత్సరపు అంకె ఆమె కక్కఱలేదు.

వంతెన కావలెనని అక్కడివారు ఏండ్ల తరబడి అడుగుచున్నారు. మాకు తీరిక నిచ్చిన ఆ నీరే, అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఆడపడుచును ఒడ్డున నిలిపివేయును. వంతెన వచ్చినచో దీవి అందము చెడునని మాలో నొకరు విచారపడిరి; నే నొప్పుకొనలేదు. రేవున కాచుకొనుట మనకు విహారము, వారికి ప్రాణసంకటము. మన విహారము కొఱకు వారు కాచుకొనవలెననుట న్యాయము కాదు. వంతెన కట్టినను పాయలలో పోటు ఎక్కకమానదు, మిత్రులకు మాటలు కఱవుకావు.

వెళ్ళదలచినవారు హంసలదీవిలో మాఘపౌర్ణమి స్నానముల సందడి తగ్గిన వారమున వెళ్ళుడు. ఎండ ముదరదు, తుఫానుల భయముండదు. మైకులు, సీసాలు తీసికొనిపోకుడు. రేవులో రోగులను, బడిపిల్లలను, చేపల గంపలవారిని ముందుగా ఎక్కనిచ్చి, తరువాత మీరెక్కుడు.

— తీరవాసి, మంగళగిరి