నవ్వు మస్టరుకెక్కని మనిషి

సింగరేణి మనిషి మనకు ఎక్కువగా రెండు సందర్భాల్లోనే గుర్తొస్తాడు: ప్రమాదం జరిగినప్పుడు, సమ్మె జరిగినప్పుడు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోవడం, 2011 సకల జనుల సమ్మెలో బొగ్గు ఆగిపోవడం చరిత్రకెక్కాయి. ఎక్కాల్సినవే. కానీ మిగతా రోజుల్లో ఆ మనిషి ఎట్లా బతికాడన్నది రాసినవాళ్లు తక్కువ. మంథని, సుల్తానాబాద్ వైపు పల్లెల నుంచి వచ్చి తట్టా చెమ్మస్‌తో (గంప, పారతో) బొగ్గు టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్ ఎంత కష్టజీవో, అంత సరదా మనిషి. నైట్ షిఫ్టు దిగి, ఒంటి మసి కడుక్కుని, పొద్దున్నే ఊరి బస్సెక్కి నాట్లకు అందుకునేవాడు. బొగ్గుబాయిలో చతుర్లాడి కొత్త బదిలీ వర్కర్ బెరుకు పోగొట్టేవాడు. దసరాకు డబ్బులు చేతికొస్తే యాట కోయించి, అక్కాచెల్లెళ్లకు చీరలు పెట్టి, బిడ్డల బతుకమ్మకు తంగేడు పూలు మోసుకొచ్చేవాడు. యంత్రాలు, ఓపెన్‌కాస్టులు వచ్చాక ఆ తరం పలచబడింది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరికి దిగారు. 2023-24 లాభాల నుంచి 796 కోట్లు కార్మికులకు పంచిన కంపెనీకి, పాత ఫిల్లర్ల ముచ్చట్లు రికార్డు చేయించడం భారం కాదు. ఏటా డిసెంబర్ 23న జరిపే సింగరేణి దినోత్సవంలో ఉత్పత్తి లెక్కల పక్కనే ఆ ముచ్చట్లూ వినిపించాలి. ఈ పని గోదావరిఖనిలోని ఎయిట్ ఇంక్లైన్ కాలనీ నుంచే మొదలుపెట్టొచ్చు.