అష్టచెమ్మ తయారుచేసే పిల్ల చదువుకుంటున్నట్టే



మొన్న మా లక్సెట్టిపేటలో తల్లిదండ్రుల సమావేశానికి పోయాను. పిల్లలకు కోడింగ్ నేర్పాలన్న మాట రాగానే ఇద్దరు లేచారు. ‘ఉన్న ఫోన్లు చాలవా, ఇంకా కంప్యూటర్ల ఆటలు కూడానా’ అని ఒకరు. ‘నేర్పితే నౌకరీ వచ్చేది నేర్పుండ్రి, ఆటలు చేసుడేంది’ అని ఇంకొకరు. ఇద్దరి బాధా అర్థం చేసుకోదగ్గదే. కానీ సొంతంగా ఆట తయారుచేయడమే పిల్లలకు కోడింగ్ నేర్పే అసలు దారి అని ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నా నమ్మకం. మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను.

ఏడో తరగతి చదివే మా మనుమరాలు వేసవి సెలవుల్లో పాత లాప్‌టాప్ ముందు కూర్చుని స్క్రాచ్‌లో గవ్వల ఆట అష్టచెమ్మ తయారుచేయబోయింది. స్క్రాచ్ అంటే రంగురంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి అతికించి బొమ్మలను నడిపించే భాష. అమెరికాలో ఎంఐటీకి చెందిన మిచెల్ రెస్నిక్ బృందం 2007లో విడుదల చేసింది. పైసా ఖర్చు లేదు. ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది.

ఐదు వరుసల గళ్లు గీసింది, కాయలు పెట్టింది. గవ్వల దగ్గరికి వచ్చేసరికి, 1 నుంచి 8 దాకా ఏదో ఒక అంకె వేయమని రాసింది. పక్కన కూర్చున్న మా ఇంటామె, ‘అయిదు పడ్డదేంది బిడ్డా? నాలుగు గవ్వలకు అయిదెట్ల పడ్తది?’ అంది. నిజమే. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, అంటే నాలుగు; నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. నడుమ అయిదు, ఆరు, ఏడు లేనే లేవు. పిల్ల ఆ మూడూ తీసేసింది. మళ్లీ ఆడారు. ‘ఇన్ని అష్టలా? నా జన్మల చూడలే’ అంది నాయనమ్మ. ఈసారి తప్పెక్కడుందో పిల్లకు అంతుపట్టలేదు, ఏడ్చినంత పని చేసింది. రాత్రి నిజం గవ్వలు తెచ్చుకుని వందసార్లు వేసి నోటుబుక్కులో గీతలు కొట్టింది. రెండ్లే ఎక్కువ, అష్టలు ఎక్కడో ఒకటి. తెల్లారి లేచి, నాలుగు గవ్వలను విడివిడిగా వేసి వెల్లకిల పడ్డవి లెక్కబెట్టమని, ఒక్కటీ లేకుంటే ఎనిమిది అనుకోమని మార్చింది. ఆట కుదిరింది.

నాలుగు గవ్వలు పదహారు తీర్లుగా పడతాయి. అందులో రెండు పడేవి ఆరు, అష్ట పడేది ఒక్కటే. ఇదే సంభావ్యతను నేను పదో తరగతికి నాణేలతో, పాచికలతో చెప్పాను. పిల్లలు మార్కులు తెచ్చుకున్నారు. కానీ అనుమానం తీర్చుకోవడానికి రాత్రి కూర్చుని వందసార్లు వేసి చూసిన పిల్లను నేను మొదటిసారి మా ఇంట్లోనే చూశాను.

ఇలా చేస్తూ నేర్చుకోవడం కొత్త ఆలోచనేం కాదు. సీమోర్ పాపర్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1967లోనే పిల్లల కోసం లోగో అనే భాష తయారుచేశారు. తర్వాత అందులోకి ఒక తాబేలు వచ్చింది. ఇంత దూరం నడువు, ఇన్ని డిగ్రీలు తిరుగు అని చెబితే అది గీత గీసుకుంటూ పోతుంది. సమబాహు త్రిభుజమని 60 డిగ్రీలు తిప్పిన పిల్లకు త్రిభుజం రాదు, 120 తిప్పాలని తనకే తెలిసివస్తుంది. పొద్దున వాకిట్లో ముగ్గు వేసే పిల్లకు ఇది ఇంకా సులువు. ఒక రేకు గీసి, కొంచెం తిప్పి, మళ్లీ అదే గీయమంటే పువ్వు విచ్చుకుంటుంది. బతుకమ్మ వరుసలు పేర్చే చేతులకు అది చెప్పాలా?

ఫోన్ చూడటం వేరు, ఆట తయారుచేయడం వేరు. ఒకరు చేసిన ఆటను గంటలకొద్దీ ఆడే పిల్లవాణ్ణి ఆపాల్సిందే. తన ఆట ఎందుకు నడవడం లేదో వెతుక్కునే పిల్లవాణ్ణి మాత్రం ఆపొద్దు.

2020 జాతీయ విద్యా విధానం మిడిల్ దశ నుంచే కోడింగ్ ఉండాలంది. మన రాష్ట్రంలోనే మొయినాబాద్‌లో సాంఘిక సంక్షేమ గురుకులం కోడింగ్ పాఠశాల పెట్టింది. పేదింటి పిల్లలకు అది సాధ్యమేనని అక్కడ చూశాం. అయితే మొయినాబాద్ మాకు రెండు వందల కిలోమీటర్ల పైనే. నేను పనిచేసిన ఒక బడిలో కంప్యూటర్లు ఉన్నాయి, గదికి తాళం ఉంది. దుమ్ము పట్టిన తెరల పక్క గదిలో ‘మౌస్ అనగానేమి’ అన్న ప్రశ్నకు జవాబు కంఠస్థం చేయించాం. ఆ తాళం తీయమని గట్టిగా అడగనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

మంచిర్యాల జిల్లా విద్యాధికారులకు, ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. వారానికి రెండు పీరియడ్లు బడుల్లోని కంప్యూటర్ గదులు తెరవండి. ఒక్కో కంప్యూటరు దగ్గర ముగ్గురు కూర్చున్నా సరే. సిలబస్ అక్కర్లేదు, దయచేసి పరీక్ష పెట్టకండి. పులిమేకో, చిర్రగోనో, వాళ్లకు నచ్చింది చేసుకోనివ్వండి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కొలువులు చేస్తూ దసరాకు ఊరికి వచ్చే మన పిల్లలు ఒక్క పూట వాళ్ల పక్కన కూర్చుంటే అంతకన్నా ఏం కావాలి?

మా మనుమరాలి అష్టచెమ్మ నా దగ్గరుంది. ఏ బడి సారైనా, టీచరమ్మైనా పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే స్క్రాచ్‌తో సహా ఎక్కించి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
లక్సెట్టిపేట, మంచిర్యాల జిల్లా