నుక్తా అంతటి అణువు, కణానికి కళ్లెం

ఉర్దూ రాతలో 'దుఆ' అనే పదంపై ఒక్క నుక్తా పడితే అది 'దగా' అవుతుంది. చుక్కకున్న బలమెంతో పలక పట్టిన పిల్లలకు సైతం తెలుసు. మన దేహకణాలలోనూ అంతటి సూక్ష్మమైన, అంతటి ప్రభావం గల అణువు ఒకటుంది. దాని పేరు మైక్రో ఆర్‌ఎన్‌ఏ.

జన్యువులలోని ఆదేశాన్ని సందేశ ఆర్‌ఎన్‌ఏ మోసుకువస్తుంది; దానిని అనుసరించి కణం ప్రోటీనును తయారుచేస్తుంది. సుమారు 22 జన్యు అక్షరాల పొడవుండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆ సందేశానికి అతుక్కుని ప్రోటీను తయారీని అదుపు చేస్తుంది. మట్టిలో బ్రతికే ఒక మిల్లీమీటరు పురుగులో దీని పనితీరును విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ 1993లో వెల్లడించారు. 2024లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

పాఠకులారా! ఈ అణువుకూ క్యాన్సర్‌కూ గల సంబంధం ఏమిటి? దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో చాలామంది రోగులకు 13వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపించి ఉంటుంది. క్యాన్సర్‌ను నిరోధించే ప్రోటీను జన్యువేదో అక్కడ ఉండాలని పరిశోధకులు ఏళ్ల తరబడి వెదికారు. చివరకు 2002లో కార్లో క్రోచే బృందానికి అక్కడ కనిపించినవి రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు: మిర్-15, మిర్-16. కణాన్ని చావనివ్వని బిసిఎల్-2 అనే ప్రోటీనును ఇవి అణచి ఉంచుతాయని 2005లో తేలింది. ఈ కాపలా తొలగితే ఆ ప్రోటీను పెచ్చుపెరుగుతుంది. గడువు తీరిన కణాలు మరణించక రక్తంలో పోగుపడతాయి. అనగా క్యాన్సర్ అంటే కణాలు మితిమీరి పుట్టడమే కాదు, చావవలసినవి చావకపోవడం కూడా. దీనికి భిన్నంగా, మిర్-21 వంటివి అధికమైనప్పుడే కీడు చేస్తాయి. కణవృద్ధికి ఉన్న కళ్లేలనే అవి తెంచుతాయి.

అయితే లోపించిన దానిని మందుగా ఎక్కిస్తే సరిపోదా? ఆ ప్రయత్నమూ జరిగింది. మిర్-34ను పోలిన ఒక మందుపై సాగిన ప్రయోగాన్ని, రోగులలో రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా వికటించడంతో 2016లో నిలిపివేశారు. ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందలాది సందేశాలను తాకగలదు. ఒకచోట మేలు చేసేది మరొకచోట కీడు చేయవచ్చు. అదే ఏడాది బిసిఎల్-2ను నేరుగా అడ్డుకునే వెనెటోక్లాక్స్ మాత్రకు అమెరికాలో ఆమోదం లభించింది.

కనుక మైక్రో ఆర్‌ఎన్‌ఏ వైద్యమంటూ ఎవరైనా ఆశచూపి డబ్బు అడిగితే, ముందుగా చికిత్స చేస్తున్న క్యాన్సర్ వైద్యుని సంప్రదించండి. జరుగుతున్న చికిత్సను మాత్రం మధ్యలో మానవద్దు. శాస్త్రం ఇంకా అన్వేషిస్తున్న దానిని అంగడి సరుకుగా అమ్మేవారి మాటకు రోగి ప్రాణాన్ని పణంగా పెట్టరాదు.