గేటు ఒకటే... పేర్లే వేరు!

హోసూరు పూల మార్కెట్‌కు తెల్లవారక ముందే బండ్లు వచ్చేస్తాయి. బాగలూరు దిక్కు నుంచి, బేరికె దిక్కు నుంచి గులాబీ, చామంతి మూటలు మోసుకొచ్చే వాటిలో ఎక్సెల్‌లకు లెక్కే ఉండదు. ముందర ఒక మూట, వెనుక ఒక మూట, మధ్యలో రైతు. అదే రోడ్డును ఎనిమిది గంటలప్పుడు చూస్తే వేరే లోకం. కాలేజీకి పోయే పిల్లగాళ్లు అపాచీల మీద, ఉద్యోగాలకు పోయే ఆడవాళ్లు జూపిటర్‌ల మీద దూసుకుపోతుంటారు. ఇవన్నీ హోసూరులోనే పుట్టి పెరిగిన టీవీఎస్ మోటార్ కంపెనీ బండ్లే. అయినా ఎక్సెల్ తోలే నాయనకూ, అపాచీ తోలే కొడుక్కూ ఇద్దరం ఒకే కంపెనీ బండి మీద పోతున్నామన్న ఆలోచనే రాదు. రాకూడదనే కంపెనీ కూడా ఏళ్ల తరబడి కష్టపడుతోంది.

ఇది తప్పా అంటే వ్యాపారంలో తప్పు కాదు. కానీ ఈ పేర్ల వెనుక ఏం జరుగుతోందో సరిహద్దు పల్లెల్లో బండి కొనే ప్రతి ఇంటికీ తెలిసి ఉండటం మంచిది. ఎందుకంటే పేరుకు కూడా డబ్బు కట్టేది ఆ ఇళ్లే.

సొంత పేరే బరువైంది

1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. దేశంలో ఇద్దరు కూర్చుని పోగల మొదటి మోపెడ్ అదే. సైకిల్ మీద పాలు పోసేవాడు, బట్టల మూట మోసేవాడు, బడి పంతులు... అందరూ దాన్ని ఎక్కారు. తర్వాత ఎక్సెల్, ఎక్సెల్ సూపర్ వచ్చాయి. తెలుగు పల్లెల్లో ఆ బండిని మోపెడ్ అని ఎవరూ అనలేదు. ‘టీవీఎస్’ అన్నారు. ‘టీవీఎస్ వేసుకుని పోయొస్తా’ అంటే దాని అర్థం మోపెడ్డే. కంపెనీ పేరు కాస్తా బండి పేరయింది.

ఇంతకన్నా గౌరవం ఏ కంపెనీకైనా ఏముంటుంది? కానీ ఆ గౌరవమే తర్వాత చిక్కు తెచ్చింది. మోటారు సైకిళ్ల విషయంలో చాలా కాలం జపాన్ సుజుకీ పేరు పక్కన ఉంది. ఆ పొత్తులో మొదటి బండి 1984లో వచ్చింది. సమురాయ్, షోగన్ లాంటివన్నీ సుజుకీ పేరుతోనే నడిచాయి. 2001లో పొత్తు విడిపోయింది. ఇక సొంత పేరుతోనే బతకాలి. ఆ పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది మూటలు మోసే మోపెడ్. అదే ఏడాది సొంతంగా తయారు చేసుకున్న విక్టర్ వచ్చింది. సచిన్ టెండూల్కర్‌తో ప్రచారం చేయించారు. బండి నిలబడింది గానీ, కుర్రకారు మనసు దోచుకోవడానికి అది చాలలేదు.

అపాచీ వచ్చాక లెక్క మారింది. 1982 నుంచి ఉన్న రేసింగ్ జట్టు పరువంతా ఆ పేరు మీద పెట్టారు. ఆ తర్వాత దానికి ఆర్‌టీఆర్ అన్న మూడక్షరాలు తోడయ్యాయి. ఈ రోజు ‘ఏం బండి?’ అని అడిగితే కుర్రవాడు ‘అపాచీ’ అంటాడే తప్ప ‘టీవీఎస్’ అనడు. ఎక్సెల్ నీడ అపాచీ మీద పడకుండా, అపాచీ ఖరీదు చూసి ఎక్సెల్ కొనేవాడు జంకకుండా రెంటి మధ్యా గోడ కట్టారు. కంపెనీ కోరుకున్నదీ అదే.

స్కూటీ చెప్పిన పాఠం

స్కూటీ కథ ఇంకా చిత్రం. తొంభైల్లో వచ్చిన ఈ చిన్న బండిని ఆడపిల్లల బండిగా నిలబెట్టారు. 2003లో పెప్ వచ్చాక ప్రీతి జింటా ప్రకటనలతో ఆ ముద్ర గట్టిపడింది. ఎంత గట్టిపడిందంటే, తెలుగునాట గేర్లు లేని ప్రతి బండినీ ‘స్కూటీ’ అనడం అలవాటైపోయింది. హోండా యాక్టివాను కూడా ‘స్కూటీ’ అనేవాళ్లు ఈనాటికీ ఇంటికొకరు ఉంటారు.

పేరు ఊరంతా పాకింది, లాభం మాత్రం పక్కవాడికి పోయింది. కుటుంబమంతా వాడుకునే స్కూటర్‌గా యాక్టివా స్థిరపడింది. స్కూటీ పేరుతో మగవాళ్లకు బండి అమ్మడం కుదిరే పని కాదు. చివరికి 2013లో జూపిటర్ అని కొత్త పేరు పెట్టి, ఇంటిల్లిపాదికీ అని చెప్పి అమ్మారు. అది నిలబడింది. కుర్రవాళ్ల కోసం 2018లో ఎన్‌టార్క్ అని మరో పేరు. చూడబోతే మూడూ గేర్లు లేని స్కూటర్లే. ఇంజను, సైజు, వేగంలో తేడాలు ఉన్నాయి, కాదనలేం. కానీ ‘ఇది నీది, అది మీ అక్కది, అది మీ నాయనది’ అని ముందే గీత గీసి అమ్మడం మాత్రం పేరు చేసిన పని.

ఇంజను కవలలు, ధర వేరు

గీత ఎంత దూరం పోతుందో చూడాలంటే 310 సీసీ బండ్ల దగ్గరికి రావాలి. 2013లో జర్మనీ కంపెనీ బీఎండబ్ల్యూ మోటారు సైకిళ్ల విభాగంతో టీవీఎస్ ఒప్పందం చేసుకుంది. ఇద్దరి కోసం తయారైన 312 సీసీ ఇంజను 2017 డిసెంబరులో అపాచీ ఆర్‌ఆర్ 310లో వచ్చింది. షోరూము ధర 2.05 లక్షలు. 2018 జులైలో అదే ఇంజనుతో, అదే హోసూరు గేటు దాటి, బీఎండబ్ల్యూ జీ 310 ఆర్ వచ్చింది. ధర 2.99 లక్షలు. రెండూ అచ్చంగా ఒకే బండి కాదు. ఆకారం వేరు, కూర్చునే తీరు వేరు, షోరూము వేరు. కానీ ఆ 94 వేల తేడాలో ఇనుము వాటా ఎంత, ముందు భాగాన ఉన్న గుండ్రటి నీలి తెలుపు బిళ్ల వాటా ఎంత అని అడిగే హక్కు కొనేవాడికి ఉంది.

2020 ఏప్రిల్‌లో టీవీఎస్ ఇంకో మెట్టు ఎక్కింది. ఇంగ్లండులో 1898లో మొదలైన నార్టన్ కంపెనీని 1.6 కోట్ల పౌండ్లకు కొనేసింది. అప్పుల్లో మునిగిన కంపెనీని ఎందుకు కొన్నట్టు? యంత్రాల కోసం కన్నా పేరు కోసమే అనుకోవాలి. ఎంత మంచి బండి చేసినా ‘టీవీఎస్’ అని రాసి లండన్‌లో లక్షలకు లక్షలు అడగలేరు. నూట ఇరవై ఏళ్ల పేరు పుట్టించాలంటే నూట ఇరవై ఏళ్లు పడుతుంది. కొనడమే తేలిక.

కంతు కట్టేది ఎవరు?

ఇదంతా కంపెనీ తెలివి. దాన్ని మెచ్చుకోవాల్సిందే. ఆ తెలివి వల్లే హోసూరు చుట్టుపక్కల వేల ఇళ్లలో జీతం రాళ్లు పడుతున్నాయి. మోపెడ్ల దగ్గరే ఆగిపోయి ఉంటే లూనా లాంటి పెట్రోలు మోపెడ్ల మాదిరే టీవీఎస్ కూడా జ్ఞాపకంగా మిగిలేదేమో.

అయితే ఇంటి లోపలి లెక్క వేరు. పల్లెల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది:

‘నాయినా, ఎక్సెల్ మీద కాలేజీకి పోతే అందరూ నగుతారు.’

‘నగితే నగనీ రా. నీ కొత్త బండి కంతు కట్టేది ఆ ఎక్సెలే కదా!’

నిజమే. పొద్దున పూల మూట మోసి సంపాదించిన డబ్బే నెల కంతుగా అపాచీకి పోతోంది. పిల్లగాడి కోరిక తప్పు కాదు. వయసు అలాంటిది. కానీ ఆ నగుబాటు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఏ బండి ఎవరిదో ముప్పై ఏళ్లుగా ప్రకటనల్లో చెప్పీ చెప్పీ నేర్పించిందే. షోరూములోనూ అంతే. ఎక్సెల్ దగ్గర మాటలు తెలుగులో, కన్నడంలో, తమిళంలో ఇంటి మాటల్లా నడుస్తాయి: ఎంత బరువు మోస్తుంది, లీటరుకు ఎంత ఇస్తుంది. అపాచీ దగ్గరికి పోగానే ‘రైడింగ్ మోడ్’, ‘స్లిప్పర్ క్లచ్’ అని వేరే భాష మొదలవుతుంది. నాయన పక్కకు తప్పుకుంటాడు. సంతకం పెట్టే వేళకు మాత్రం పిలుస్తారు.

కొనేముందు అడగాల్సింది ఆ నాయనే. ఈ బండి రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? కంతు పోగా ఇంట్లో ఏం మిగులుతుంది? ఇదే కంపెనీలో, ఇదే పని చేసే తక్కువ ధర బండి ఉందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికాక కూడా అపాచీయే కావాలంటే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. అప్పుడు పేరును చూసి మోసపోయినట్టు కాదు, తెలిసే కొన్నట్టు.

కింది మెట్టు మాటేమిటి?

అసలు బాధ ఇంకొకటి. పేర్లను మెట్లుగా పేర్చినప్పుడు భద్రత కూడా మెట్లుగానే పోతోంది. 2019 ఏప్రిల్ నుంచి పూర్తిగా అమలైన నిబంధన ప్రకారం 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ ఉండాలి. ఆ లోపు వాటికి రెండు చక్రాల బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు ఉంటే చాలన్నారు. తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుని జారకుండా కాపాడేది ఏబీఎస్సే. ఆ సదుపాయం సరదాగా తిరిగే బండికి దక్కింది. ముందూ వెనుకా మూటలతో, చీకట్లో, మంచులో మార్కెట్‌కు వచ్చే బండికి దక్కలేదు. అన్ని బండ్లకూ ఏబీఎస్ పెట్టాలని కేంద్రం 2025 జూన్‌లో ముసాయిదా తెచ్చినప్పుడు ధర పెరుగుతుందన్న మాట మొదట వినిపించింది. ధర మాట నిజమే కావచ్చు. కానీ పడేవాడి ప్రాణం ధర ఏ మెట్టు మీదైనా ఒకటే.

ఎక్సెల్‌ను కంపెనీ పూర్తిగా మరిచిపోయిందని అనడం అన్యాయం. 2015లో ఎక్సెల్ 100తో నాలుగు స్ట్రోకుల ఇంజను వచ్చింది. పొగ తగ్గింది. తర్వాత బటన్ నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు వచ్చింది. అది కాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఎంత సాయమో వాడేవాళ్లకే తెలుసు. అపాచీ మీద పరీక్షించిన మంచి బ్రేకు, మంచి దీపం కూడా అలాగే కిందికి దిగి రావాలి. నార్టన్‌కు పెట్టే శ్రద్ధలో పదో వంతు పెట్టినా ఎక్సెల్ మారిపోతుంది.

ఒక కంపెనీ ఎన్ని పేర్లయినా పెట్టుకోవచ్చు. పెద్ద పేర్లు రాకముందు హోసూరును నిలబెట్టింది, తెలుగువాళ్లు ‘టీవీఎస్’ అని పిలిచింది ఆ చిన్న బండినే. రేపు తెల్లవారుజామున కూడా పూలు మార్కెట్‌కు వచ్చేది దాని మీదే. దాన్ని తోలేవాడు క్షేమంగా ఇంటికి చేరితేనే పైమెట్టు బండ్ల కంతులు కూడా సాగుతాయి.