తాళంచెవి ఇచ్చే ముందు

2011 సెప్టెంబర్ 11, ఆదివారం ఉదయం. పుప్పాలగూడ వద్ద ఔటర్ రింగ్ రోడ్డుపై వెయ్యి సి.సి. మోటార్‌సైకిల్ ఒకటి అదుపు తప్పింది. దానిమీద ఇద్దరు పిల్లలున్నారు. పదహారేళ్ల అబ్బాయి ఆ రోజే మరణించాడు. రెండోవాడు మాజీ క్రికెట్ కెప్టెన్ మహమ్మద్ అజారుద్దీన్ కుమారుడు, పంతొమ్మిదేళ్ల అయాజుద్దీన్. అతను ఐదు రోజులు ప్రాణాలతో పోరాడి శుక్రవారం నాడు కన్నుమూశాడు. అంతకు ఏడాది ముందు, 2010 జూన్‌లో, సినీనటుడు కోట శ్రీనివాసరావు కుమారుడు ప్రసాద్‌ను కూడా ఔటర్ రింగ్ రోడ్డే పొట్టన పెట్టుకుంది.

2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. అదే ఏడాది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ తెరిచారు. విశాలమైన రోడ్డు చూస్తే కుర్రవాళ్ల చేయి ఊరుకోదు. కానీ ఔటర్ ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. మెహదీపట్నం, ఆరాంఘర్‌ల మధ్య ఉన్న ఎక్స్‌ప్రెస్‌వేపై కూడా లేదు. బండివాడు కిందనుంచే వెళ్లాలి. ఆరాంఘర్ దాటాక లారీల మధ్య, బస్సుల మధ్య జాతీయ రహదారి.

ఈ దారి మన కుటుంబాలకు కొత్తదేమీ కాదు. జహంగీర్ పీర్ దర్గాకు పోయేవారు, హాజీలను సాగనంపడానికి విమానాశ్రయానికి పోయేవారు ఇటే పోతారు. ఒకే బండిమీద ట్యాంకుపై పసివాడు, తండ్రి, మధ్యలో మరో బిడ్డ, వెనక బుర్ఖాలో తల్లి. తండ్రికి హెల్మెట్ ఉంటే అది మోచేతికి వేలాడుతూ ఉంటుంది. చలానా రాసేవాడు కనబడితేనే అది తలకెక్కుతుంది! తల్లికైతే అదీ లేదు. బుర్ఖా అంచు వెనక చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఎక్కేముందే అంచు దగ్గరికి తీసుకుని కూర్చోవాలి. చక్రానికి గార్డు ఉందో లేదో చూసుకోవాలి.

2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారే. ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్ కొని, గడ్డం కింద పట్టీ బిగిస్తేనే ప్రయోజనం. పట్టీ వదులుగా ఉంటే మనిషికన్నా ముందు హెల్మెట్ ఎగిరిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగడానికి కావలసిన దూరం నాలుగు రెట్లవుతుందని కుర్రవాళ్లకు ఎవరైనా చెప్పారా?

ఒంటెను కట్టేసి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. ఈ మాట మనం ఎన్నో ఖుత్బాల్లో విన్నాం. మేము ఇక్కడ మరో ఆదేశాన్ని గుర్తుచేయదలిచాం. అనాథల ఆస్తిని వారికి ఎప్పుడు అప్పగించాలో సూరా నిసా చెబుతుంది. యుక్తవయసు వస్తే చాలదు, వారిలో వివేకం కూడా కనబడాలి. ఆస్తి విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, పదో తరగతి పిల్లవాడికి బండి తాళంచెవి ఎలా ఇస్తున్నాం? గేరు బండికి పద్దెనిమిదేళ్లు నిండనిదే లైసెన్సు లేదు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే, 2019లో సవరించిన చట్టం ప్రకారం తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. అయినా "మావాడు బాగా నడుపుతాడు" అని మురిసిపోయే తండ్రులకు కొదవ లేదు.

షబే మేరాజ్, షబే బరాత్ రాత్రుల్లో హైదరాబాద్‌లో పోలీసులు ఫ్లైఓవర్లు మూసేస్తారు. ఆరాధనలో గడపవలసిన రాత్రి మన కుర్రవాళ్లు ముందు చక్రం గాల్లోకి లేపి పందేలు వేసుకుంటారని! ఇది మనకు తలవంపు కాదా? ఆ రాత్రి కొడుకు మసీదులో ఉన్నాడో, రోడ్డుమీద ఉన్నాడో తండ్రి ఒక్కసారి లేచి చూసుకోవాలి.

హెల్మెట్ పెట్టడానికి మసీదులో చోటు లేదని, అందుకే జుమాకు టోపీతోనే వస్తామని కొందరంటారు. ఈ సాకులో కొంత నిజముంది. చెప్పులకు అరలు కట్టించిన కమిటీలవారు వాటి పక్కనే హెల్మెట్లకు మరో రెండు అరలు కట్టిస్తే ఖర్చు ఎంతో కాదు.