మెమోలో గ్రేడు, బడి బయట గురువు

పదో తరగతి మెమోలో లెక్కలు, సైన్సు కింద ఇంకో వరుస ఉంటుంది: కళలు, సాంస్కృతిక విద్య. దాని ఎదుట గ్రేడు కూడా ఉంటుంది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో హైస్కూలు చదివిన పిల్లల్ని అడగండి, ఆ గ్రేడు ఎవరు ఏం విని వేశారో! స్వరం పట్టించినవాళ్లు లేరు, దరువు చెప్పినవాళ్లు లేరు. పంద్రాగస్టుకు రెండు దేశభక్తి గీతాలు, వార్షికోత్సవానికి సౌండ్ బాక్సులో సినిమా పాట. సంగీతం అయిపోయింది.

నేర్పేవాళ్లు దొరకరంటారు. మార్లవాయి సంగతి ఏమంటారు మరి? ఆసిఫాబాద్ అడవుల్లోని ఆ గోండు గూడెంలో 1943లోనే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. అదే ఊరి కనక రాజు గోండుల గుస్సాడీ నృత్యాన్ని ఢిల్లీ దాకా తీసుకెళ్లారు, 2021లో పద్మశ్రీ పొందారు. ఊరి ఆశ్రమ పాఠశాలకు ఆయనతో పని పడింది గానీ, అది వంటశాలలో. పిల్లలకు వండిపెట్టడం చిన్న పనేం కాదు. కానీ అంతటి విద్య ఉన్న మనిషిని గరిటె దగ్గరే ఆపేసి, నల్లబల్ల వైపు రానివ్వని చదువును ఏమనాలి? ఆయన కుర్రాళ్లకు నేర్పుతూనే ఉన్నారు, టైంటేబుల్‌తో సంబంధం లేకుండా. 2024 అక్టోబరులో, దీపావళి ఇంకా కొద్దిరోజులుందనగా కన్నుమూశారు.

గుస్సాడీ అంటే పట్నం వాళ్లకు నెమలి ఈకల టోపీయే గుర్తొస్తుంది. ఆ అడుగును నడిపించే డోలు, పర్ర, పెప్రె, కాలికోమ్ వాద్యాలు ఎవరికి పట్టాయి? గోండుల కథకులైన ప్రధాన్‌ల కిక్రీ మూడు తీగల కమాను వాద్యం. గోండుల పురాణ గాథలు దాని తోడుతోనే ఇన్ని తరాలు నడిచాయి. పుస్తకంలో దొరికే విద్య కాదిది, పెద్దల వెనక నిలబడి పట్టుకోవాల్సింది. పట్టుకోవాల్సిన వయసులోనే పిల్లలు హాస్టల్లో ఉంటున్నారు. బడికి దసరాకు పొడుగు సెలవులు. గోండులు దండారీ పండుగ ఆడేదేమో దీపావళి రోజుల్లో! గూడెంలో డోలు మోగుతుంటే పిల్లవాడు స్టడీ అవర్‌లో కూర్చుంటాడు.

కరీంనగర్ వైపు వస్తే వేములవాడ దగ్గర హన్మాజీపేట. సినారెది ఆ ఊరే, ఒగ్గుకథ కళాకారుడు మిద్దె రాములుదీ ఆ ఊరే. సినారె చదువు ఉర్దూ మీడియంలో సాగింది. తెలుగు లయ ఆయన చెవిన పడింది చిన్ననాడు ఊళ్లో విన్న హరికథల్లో, జంగం కథల్లో. జ్ఞానపీఠం దాకా వెళ్లిన కవికి తొలి సంగీత పాఠం వీధి చెప్పింది. ఇప్పటి పిల్లలకు ఆ వీధీ లేదు, దాని బదులు బడీ పూనుకోలేదు.

విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే కళలకు పార్ట్ టైం బోధకుడు ఉండాలంటుంది. తొమ్మిది, పది ఆ చట్టం లెక్కలోకే రావు. ఆ తరగతుల పిల్లలకు 2015 నుంచి కేంద్రం కళా ఉత్సవ్ పోటీలు మాత్రం పెడుతోంది. పాఠం లేదు, పరీక్ష ఉంది! కేరళలో బడి పిల్లల కళోత్సవం 1957 నుంచి నడుస్తోంది. 2025లో మంగళంకళి, పనియ నృత్యం లాంటి గిరిజన కళలనూ అందులో చేర్చారు. అక్కడ వేదికెక్కాలంటే పిల్లలు ముందు ఎవరి దగ్గరో నేర్చుకోక తప్పదు. మనం ఆ పాటి గౌరవం గుస్సాడీకి ఇవ్వలేమా?

ప్రతి హైస్కూలుకు వీణ టీచరు కావాలని అడగడం లేదు. వారానికి రెండు పీరియడ్లు చాలు. ఉట్నూరు, జైనూరు వైపు కిక్రీ, పెప్రె. సిరిసిల్ల వైపు ఒగ్గు డోలు. త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరిగే వేములవాడలో గాత్రం. ఏ ఊరికి ఏది దగ్గరైతే అది. ఒకప్పుడు విద్యా వాలంటీర్లను పెట్టుకున్నట్టే నేర్పేవాళ్లను గౌరవ వేతనం మీద పెట్టుకోవచ్చు. బీఈడీ ఉందా, టెట్ పాసయ్యాడా అని మాత్రం జీవోలో రాయకండి. కిక్రీ చేతికిచ్చి వాయించమనండి. గూడెం పెద్దలు నలుగురు విని సరేనంటే ఆయనే మాస్టారు.