పచ్చ సిరా

సర్కారు కాలేజీలో పాఠాలు చెప్పేవాడికి ఒక హోదా ఉంది. వాడు గెజిటెడ్ ఉద్యోగి. ఎమ్మే తెలుగు వల్ల నాకు వచ్చిన పరపతి ఏమంత లేదు గాని, నా పచ్చ సిరా కలానికి మాత్రం మా వీధిలో మంచి గిరాకీ. ఆదివారం తెల్లారితే చాలు, మార్కుల జాబితాలు పట్టుకుని పిల్లలు వాలిపోతారు.

మొన్న ఆదివారం రెండిళ్ళ అవతలి పోస్టుమాస్టరుగారు వచ్చారు. ఆయన రిటైరై పదిహేనేళ్ళు దాటింది. మనవడి కాగితాలు కాబోలునని కలం మూత తీశాను.

"ఇది నా చావు కాగితం మాస్టారూ," అన్నారు, కాఫీ చల్లార్చుకుంటూ.

"పొద్దున్నే ఆ మాటలేమిటి బాబాయిగారూ!" అంది మా ఆవిడ లోపలి నించి.

ఆస్తి వీలునామా కాదది. ఇహ కోలుకునే ఆశ లేదని తేలితే ఊపిరి మిషను పెట్టి రోజులు పొడిగించవద్దని, తెలివిలో ఉండగానే రాసి పెట్టుకునే పత్రం. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దీనికి ఒప్పుకుంది గాని, మేజిస్ట్రేటు సంతకం కావాలన్నది. 2023 జనవరిలో ఆ పట్టు సడలించి, ఇద్దరు సాక్షులూ, నోటరీ గాని గెజిటెడ్ ఉద్యోగి గాని ఉంటే చాలన్నది. భీష్ముడికి శంతనుడు ఇచ్చిన వరం, మనకు నాబోటి గుమాస్తా ఇవ్వాలన్న మాట!

అయితే కాగితం ఉన్నంత మాత్రాన ఎవరూ మిషను పీకెయ్యరు. ఆసుపత్రిలో ఒక వైద్యుల మండలి, దాని మీద మరో మండలి చూసి ఒప్పుకోవాలి. సూది మందిచ్చి ప్రాణం తియ్యటం మన దేశంలో ఇప్పటికీ నేరమే. పత్రికలు ఈ వ్యవహారాన్నంతా కలిపి కారుణ్య మరణం అంటాయి. ఎవరి కారుణ్యమో, ఎవరి మీదో ఏ విగ్రహవాక్యం చెప్పినా ఆ సమాసంలో తేలదు.

బొంబాయిలో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు 1973లో ఒక దుర్మార్గుడి దాడిలో మెదడు దెబ్బతిని, తాను పనిచేసిన ఆసుపత్రిలోనే దాదాపు 42 ఏళ్ళు మంచాన ఉంది. ఆమెకు విముక్తి కలిగించమని ఒక రచయిత్రి కోర్టుకెక్కింది. 2011లో న్యాయమూర్తులు, ఆమె తరఫున మాట్లాడే హక్కు రోజూ తినిపించి, ఒళ్ళు తుడిచే ఆసుపత్రి సిబ్బందిదేనన్నారు. వాళ్ళు ఒప్పుకోలేదు. 2015లో న్యుమోనియా వచ్చి పోయింది. ఆమె మనసులో ఏముందో అడగటానికి వీల్లేకపోయింది. మా పోస్టుమాస్టరుగారిని అడగొచ్చు.

ఎవరి ఒత్తిడీ లేకుండా రాశారని నాకు నమ్మకం కుదిరితేనే సంతకం పెట్టాలి. అడిగాను.

"ఒత్తిడా? ఇంకో ముద్ద తినమని మా కోడలు చేసేదే ఒత్తిడి," అని నవ్వారు. కాసేపాగి, "మా ఆవిడ ఆఖరి పదకొండు రోజులూ ఆ అద్దాల గదిలోనే ఉంది. అబ్బాయి ఇల్లు తాకట్టు పెట్టాడు. ఆ అప్పు ఇంకా తీరలేదు," అన్నారు.

ఇది ఒత్తిడి అవునా, కాదా? నాకు తేలలేదు. కలానికి మూత పెట్టేశాను. కాగితంలో, తన తరఫున నిర్ణయం చెప్పవలసినవాడు కొడుకని రాసి ఉంది.

"అబ్బాయికి చెప్పారా?"

"ఊళ్ళో వాళ్ళకి ఎన్నో చావు టెలిగ్రాములు అందించాను మాస్టారూ. నా టెలిగ్రాము నేను పట్టుకెళ్ళలేకపోతున్నాను."

సాయంత్రం ఇద్దరం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. కొడుకు సగం చదివి, పెరట్లోకి వెళ్ళిపోయాడు. కోడలు మాత్రం చెయ్యి తుడుచుకుని వచ్చి, రెండుసార్లు చదివింది.

"ఆయన పేరొక్కటే రాశారేం మామయ్యగారూ? మీకు మందులిచ్చేది నేను కదా," అంది.

ఒకరికి మించి పేర్లు రాసుకోవచ్చునని 2023 తీర్పులో ఉంది. ఆ మాటే చెప్పాను. ఆవిడ పెరటి వైపు చూసి, "ముందు ఆయన్ని లోపలికి రానివ్వండి," అని కాఫీ పెట్టడానికి వెళ్ళింది.

కాగితం ఇంకా తిరగరాస్తున్నారట.